యుద్ధపు ఆటను దాని నియమాలతో తూచాలి: ‘అడ్వాన్స్ వార్స్’ గురించి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఆడే వీడియో గేముల గురించి మీ పత్రికలో కొంతకాలంగా వెలువడుతున్న వ్యాసాలను, వాటికి స్పందనగా వస్తున్న పాఠకుల లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. డబ్బు ఒడ్డి ఆడే ఆటల మీద వాటిలో వ్యక్తమైన ఆందోళనతో నాకు పేచీ లేదు. అయితే యుద్ధం ఇతివృత్తంగా గల ఆటలన్నింటినీ ఒకే గాటన కట్టి, అవన్నీ పిల్లల్లో దుడుకుతనాన్ని పెంచేవేనని తేల్చివేయడం సబబుగా లేదు. ఒక ఆట మంచిచెడ్డలు దాని అట్ట మీది బొమ్మలో ఉండవు. ఆడేవారిని ఏ పని చేయమంటుంది, ఏ పనిని మెచ్చుతుంది అన్న దానిలో ఉంటాయి. ఈ మాటను గాలిలో చెప్పకుండా, నేను బాగా ఎరిగిన ఒక పాత ఆటను ముందుంచుకొని చెప్పదలచాను. దాని పేరు ‘అడ్వాన్స్ వార్స్’.

నింటెండో అనే వీడియో గేముల కంపెనీ కోసం ఇంటెలిజెంట్ సిస్టమ్స్ అనే జపాన్ సంస్థ రూపొందించిన ఈ ఆట 2001 సెప్టెంబరులో, గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతియంత్రం మీద, అమెరికాలో విడుదలైంది. నిజానికి ఈ వరుసలో మొదటి ఆట ‘ఫామికామ్ వార్స్’ 1988లోనే జపాన్‌లో వచ్చింది. ఆ తర్వాత పదమూడేళ్లపాటు వచ్చిన ఆటలేవీ ఆ దేశపు పొలిమేర దాటలేదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ రెండు పెన్సిల్ సెల్లతో నడిచే యంత్రం. తెర అడ్డంగా 240, నిలువుగా 160 చుక్కలు మాత్రమే. పైగా మొదటి నమూనాలో తెరకు సొంత వెలుగు లేదు కనుక కిటికీ పక్కనో దీపం కిందో కూర్చొని ఆడవలసి వచ్చేది. అంత ఇరుకు తెరలో ఒకసారికి అడ్డంగా 15, నిలువుగా 10 గళ్లు కనిపిస్తాయి. ఆ గళ్లలో మైదానాలు, అడవులు, కొండలు, రోడ్లు, పట్టణాలు, సముద్రం ఉంటాయి. వాటి మీద కాల్బలం మొదలుకొని యుద్ధనౌక వరకు పద్దెనిమిది రకాల దళాలను ఇరుపక్షాలూ వంతులవారీగా నడుపుతాయి. నా వంతులో నా దళాలన్నింటినీ నాకు తోచిన క్రమంలో కదిపి, కొట్టవలసిన చోట కొట్టి, వంతు ముగిసిందని నేను చెప్పేదాకా ఎదుటి పక్షం కదలదు. గడియారం లేదు. వేళ్ల చురుకుతో పని లేదు. పది నిమిషాలు తెర వంక చూస్తూ ఊరకే ఆలోచించినా ఆట ఏమీ అనదు.

ఈ ఆటలో సైన్యానికి మూలం సొమ్ము, సొమ్ముకు మూలం నేల. మన అధీనంలో ఉన్న ఒక్కొక్క పట్టణం, కర్మాగారం, విమానాశ్రయం, రేవు ప్రతి వంతు ప్రారంభంలోనూ 1000 చొప్పున రాబడినిస్తాయి. పట్టణాన్ని స్వాధీనం చేసుకోగలిగేది మాత్రం కాల్బలమే. 28,000 ఖరీదు చేసే యుద్ధనౌకకు గాని, 22,000 ఖరీదు చేసే బాంబర్ విమానానికి గాని ఆ శక్తి లేదు. ప్రతి దళానికీ పూర్తి బలం 10 పాయింట్లు. పట్టణానికి 20 పాయింట్ల పట్టు ఉంటుంది. దాని మీద నిలబడిన దళం తన బలమెంతో అంత మేర ఆ పట్టును వంతుకొకసారి తగ్గిస్తుంది. అంటే దెబ్బ తినని కాల్బలానికి రెండు వంతులు చాలు, సగం దెబ్బతిన్న దళానికి నాలుగు కావాలి, మధ్యలో అక్కడి నుంచి కదిలితే మళ్లీ మొదటికి రావాలి. కొత్తగా ఆడేవారు ఖరీదైన ట్యాంకుల కోసం సొమ్ము కూడబెడుతుండగా, అనుభవం గలవారు మొదటి వంతుల్లో చవకైన కాల్బలాన్ని నలుదిక్కులా పంపించి పట్టణాలను పట్టుకుంటారు. పదో వంతు వచ్చేసరికి ఎవరు గెలుస్తారో రాబడి పద్దు చూసి చెప్పవచ్చు.

ఒక ఉదాహరణ లేనిదే దీని లోతు బోధపడదు. ట్యాంకు ఖరీదు 7000. ఫిరంగి ఖరీదు 6000, కాల్బలం ఖరీదు 1000; ఆ రెండూ కలిపితే సరిగ్గా ట్యాంకు ధర. చేతిలో 7000 ఉన్న ఆటగాడు ఏది కొనాలి? ట్యాంకు ఒక వంతులో రోడ్డు మీద ఆరు గళ్లు నడిచి, అదే వంతులో పక్క గడిలోని శత్రువును కొట్టగలదు. ఫిరంగి రెండు మూడు గళ్ల దూరం నుంచి మాత్రమే కొడుతుంది. కదిలిన వంతులో కాల్చలేదు. శత్రువు పక్కకు వచ్చి నిలబడితే ఎదురుదెబ్బ కూడా తీయలేదు. కాబట్టి బయలు ప్రదేశంలో, రోడ్డు మీద నిలిచిన ఫిరంగి పక్కకు ట్యాంకు చేరిందంటే ఒక్క దెబ్బతో పదింట ఏడు వంతుల బలం హరించుకుపోతుంది. ఇదంతా చూసి ట్యాంకే మేలని తీర్మానించుకుంటే తొందరపాటే అవుతుంది.

ఎందుకంటే అదే పోరును రెండు కొండల నడుమ, ఒకే ఒక గడి వెడల్పున్న దారిలోకి మార్చి చూడండి. ట్యాంకు కొండ ఎక్కలేదు. దారి మధ్యలో మన అధీనంలో ఒక పట్టణం ఉంది. అందులో కాల్బలాన్ని నిలిపి, దాని వెనుక గడిలో ఫిరంగిని ఉంచాం. బయట నిలిచిన కాల్బలం మీద ట్యాంకు దెబ్బ నూటికి 75 వంతులు పనిచేస్తే, పట్టణంలోని ఇళ్ల చాటున దాదాపు మూడో వంతు తగ్గి 52 దగ్గర ఆగుతుంది. కాల్బలం సగానికి పైగా బలం కోల్పోయినా దారిని విడవదు. మన వంతు రాగానే పట్టణం దానికి రెండు పాయింట్ల బలాన్ని, కొద్దిపాటి ఖర్చుతో, తిరిగి ఇస్తుంది. ఇక వెనుకనున్న ఫిరంగికి ట్యాంకు సరిగ్గా రెండు గళ్ల దూరంలో ఉంది. ఒక్క దెబ్బతో దానికి పదింట మూడు వంతుల బలమే మిగులుతుంది. దెబ్బతిన్న దళం కొట్టే దెబ్బ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక ఆ ట్యాంకు ఇక భయపెట్టదగినది కాదు. ఒకే సొమ్ముతో కొన్న రెండు సైన్యాలలో ఏది గొప్పదన్న ప్రశ్నకు నేల స్వరూపం చూడకుండా జవాబు చెప్పలేమన్నమాట. పదేళ్ల పిల్లవాడు కూడా రెండు మూడు పోరాటాలు ఓడిపోయేసరికి ఈ సంగతిని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు.

గళ్ల మీద యుద్ధాన్ని ఆడుకోవడం కొత్త సంగతి కాదు. గజాలు, అశ్వాలు, రథాలు, కాల్బలం అనే నాలుగంగాల సేనను నిలిపి ఆడే చతురంగం పుట్టింది మన దేశంలోనే. 19వ శతాబ్దపు జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో ఇదే ఆలోచన సైనిక శిక్షణగా మారింది. రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు రూపొందించిన ‘క్రీగ్‌ష్పీల్’ అనే యుద్ధపు ఆటను, 1824లో కుమారుడు మెరుగుపరచిన తర్వాత, అక్కడి సేనాధిపతులు అధికారుల తర్ఫీదుకు స్వీకరించారు. అందులో ఇరుపక్షాల నడుమ ఒక మధ్యవర్తి కూర్చొనేవాడు. ఎవరి కంటికి శత్రువు ఎంతవరకు కనిపిస్తాడో అంతవరకే వారికి చెప్పేవాడు, దెబ్బల ఫలితాన్ని పాచికలు వేసి తేల్చేవాడు. చదరంగంలో ఎదుటివారి పావులన్నీ మన కళ్లముందే ఉంటాయి గాని యుద్ధంలో అలా ఉండవు కదా. ‘అడ్వాన్స్ వార్స్’ ఆ మధ్యవర్తి పనిని యంత్రానికి అప్పగించింది. చీకటి కమ్మిన పటాలలో మన దళాల చూపు ఆనినంత మేరకే వెలుగు ఉంటుంది. కొండ ఎక్కిన కాల్బలానికి మరింత దూరం కనిపిస్తుంది. అడవిలో దాగిన శత్రువు పక్క గడికి వెళ్తే తప్ప బయటపడడు. ఖాళీ దారి అనుకొని పంపిన దళం దాగిన శత్రువుకు ఎదురైతే అక్కడికక్కడే ఆగిపోతుంది, ఆ వంతులో దాని పని ముగిసినట్లే. పాచికల స్థానంలో దెబ్బకు కొసరుగా చేరే చిన్నపాటి అదృష్టం ఉంది. అయితే కొట్టడానికి ముందే ఎంత నష్టం కలిగించగలమో తెర మీద శాతంలో చూపుతుంది కనుక, ఫలితానికి బాధ్యత అదృష్టం మీదికి నెట్టివేయడం కష్టం.

ఇంధనం సంగతి కూడా ఉంది. విమానాలు గాలిలో ఊరకే నిలిచినా వంతువంతుకూ ఇంధనం ఖర్చవుతుంది, అది అయిపోతే కూలిపోతాయి. నీటిలో మునిగిన జలాంతర్గామి తేలినప్పటికంటే ఐదు రెట్లు వాడుకుంటుంది.

పక్షాలకు నాయకత్వం వహించే సేనానులలో ఒక్కొక్కరిది ఒక్కొక్క స్వభావం. కాన్‌బే అనే సేనాని దళాలు మిగతావారి కంటే నూటికి ఇరవై వంతులు ఎక్కువ ఖరీదు, అందుకు తగినట్లు ఎక్కువ బలం. 2003లో వచ్చిన రెండో భాగంలోని కాలిన్ అనే సేనానికి అన్నీ నూటికి ఇరవై వంతులు చవక, అయితే దెబ్బ బలహీనం. బలమైన కొద్దిమందికీ బలహీనమైన పెక్కుమందికీ మధ్య సమతూకం నిలపడం ఎంత కష్టమో, గుడి అరుగుల మీద చెక్కిన గళ్లలో పులిజూదం ఆడిన తరానికి చెప్పనక్కరలేదు. గ్రిట్ అనే మరో సేనాని ఫిరంగులు ఒక గడి ఎక్కువ దూరం కొడతాయి. ఆ ఒక్క గడి పటం మొత్తాన్ని మార్చివేస్తుంది.

మా ఇంటికి ఈ ఆట అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు ద్వారా వచ్చింది. యంత్రం ఒక్కటే కావడంతో, వంతు ముగించి దాన్ని ఎదుటివారి చేతికి అందించే పద్ధతిలో నేనూ మా తమ్ముడూ ఆడేవాళ్లం. ఇలా ఒకే యంత్రాన్ని చేతులు మార్చుకుంటూ ఆడే వీలు ఆటలోనే కల్పించారు. తీగలతో కలుపుకొంటే నలుగురు వేర్వేరు యంత్రాల మీద ఆడవచ్చు. ఎదుటివాడు ఆలోచిస్తున్నంతసేపు మనమూ అతడు ఏం చేస్తాడోనని ఆలోచించక తప్పదు. బహుశా ఈ ఆటలో సగం ఆ నిరీక్షణలోనే ఉంది. పటాలను సొంతంగా తయారు చేసుకొనే సదుపాయం కూడా ఇచ్చారు. గోదావరి పాయలను తలపించే ఒక పటాన్ని మా తమ్ముడు గీశాడు. వంతెనలు చాలక ఆ పటంలో ఎవరూ గెలిచేవారు కాదు.

ఇక ఈ ఆటకూ నిజమైన యుద్ధాలకూ ఉన్న విచిత్రమైన సంబంధం గురించి చెప్పాలి, ఎందుకంటే మీ పాఠకులు లేవనెత్తిన అభ్యంతరానికి అసలు గీటురాయి అక్కడే ఉంది. అమెరికాలో ఈ ఆట విడుదలైన తేదీ 2001 సెప్టెంబరు 10. మరునాడే న్యూయార్క్ మీద దాడి జరిగింది. ఐరోపాలో విడుదల మరుసటి సంవత్సరం జనవరికి జరిగింది. దాన్ని తయారు చేసిన జపాన్‌లోనైతే ఏకంగా 2004 నవంబరు వరకు రాలేదు. అప్పుడు రెండు భాగాలనూ కలిపి ఒకే ఆటగా అమ్మారు. ఇరవై ఏళ్ల తర్వాత చరిత్ర మళ్లీ అదే పని చేసింది. రెండు భాగాలకూ కొత్త రూపమిచ్చే పనిని వేఫార్వర్డ్ అనే సంస్థ చేపట్టగా, 2021 డిసెంబరులో రావలసిన ఆ ఆట 2022 ఏప్రిల్‌కు వాయిదా పడింది. ఈలోగా ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. ప్రపంచ పరిణామాల దృష్ట్యా విడుదలను ఆపుతున్నామని నింటెండో మార్చిలో ప్రకటించింది. చివరకు 2023 ఏప్రిల్ 21న ఆట బయటికి వచ్చింది.

2022లో ఆపడం మర్యాదే. కథ ఆరంభంలోనే గుబురు గడ్డంతో, మంచు తుపానుతో దర్శనమిచ్చే ఓలాఫ్ అనే సేనాని నాయకత్వంలో బ్లూ మూన్ అనే రాజ్యం పొరుగుదేశపు సరిహద్దు దాటి వస్తుంది. ఆ రాజ్యాన్ని చూడగానే రష్యా గుర్తుకు రావడం సహజం. ఊళ్లు కూలుతున్న వారాలలో ఆ దృశ్యాన్ని హుషారైన సంగీతంతో అమ్మడం ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. కానీ 2023 ఏప్రిల్ నాటికి ఆ యుద్ధం ముగియలేదే! ఆటను ఆపడానికి ఉన్న కారణం అలాగే ఉండగా విడుదల చేశారంటే, ఆపింది ఆట స్వభావం వల్ల కాదు, చూపరులకు ఎలా అనిపిస్తుందోనన్న జంకు వల్ల అని నా అభిప్రాయం. సంస్థ చేసిన పొరపాటూ, మీ పాఠకులు చేస్తున్న పొరపాటూ ఒక్కటే: ఇద్దరూ అట్ట మీది బొమ్మనే చూస్తున్నారు. విచిత్రమేమిటంటే, ఆ కథలో దేశాలు ఒకదానితో ఒకటి తలపడటానికి కారణం, మొదటి పక్షమైన నారింజ పక్షపు సేనాని నకలును సృష్టించి దొంగ దాడులు చేయించిన స్టర్మ్ అనే మూడోవాడి కుట్ర. అపోహతో మొదలైన యుద్ధం గురించిన కథకే అపోహల బెడద తప్పలేదు.

ఈ ఆటలో తప్పు లేదని నేను అనడం లేదు. ఉన్నది, అయితే అది వేరే చోట ఉంది. పైన నేను ముచ్చటగా వివరించిన ఉదాహరణను మళ్లీ చూడండి. కొండల నడుమ దారికి అడ్డంగా నిలిపిన కాల్బలం చేసిన పని ఏమిటి? దెబ్బలు తినడం. 1000 ఖరీదు చేసే మనుషులను 6000 ఖరీదు చేసే ఫిరంగికి గోడగా పెట్టాం. అది తెలివైన ఎత్తు అని ఆట మెచ్చుకుంది. ఓడిన దళం చిన్న పేలుడుతో మాయమవుతుంది, ఆ తర్వాతి వంతులో కర్మాగారం నుంచి దానిలాంటిదే మరొకటి వస్తుంది, సేనాని చిరునవ్వు చెక్కుచెదరదు. పోరు ముగిశాక వేగం, బలం, నైపుణ్యం అని మూడు పద్దుల కింద ఆటగాడికి మార్కులు వేస్తారు. అందులో నైపుణ్యం పద్దుకు, కోల్పోయిన దళాలు ఎంత తక్కువైతే అంత మంచిది. సైనికులను కాపాడుకోవడానికి విలువ ఇచ్చిన సందర్భం ఆటలో బహుశా ఇదొక్కటే, అదీ మార్కుల రూపంలో. బొమ్మలో రక్తం లేకపోవడం దీనికి పరిష్కారం కాదు, నా దృష్టిలో అదే సమస్య. పిల్లల కోసం కొనే తల్లిదండ్రులు తుపాకీ ఉందా లేదా అని కాక, ఈ సంగతి గురించి పిల్లలతో మాట్లాడితే ప్రయోజనం.

ఈ లోపం తయారీదారులకు కూడా తట్టిందేమో అనుకోవడానికి ఒక ఆధారం ఉంది. 2008లో నింటెండో డీఎస్ అనే తర్వాతి చేతియంత్రం మీద ఇదే వరుసలో వచ్చిన ‘డేస్ ఆఫ్ రూయిన్’లో ఆ హుషారంతా తీసివేశారు. ఉల్కలు పడి మానవజాతిలో అత్యధిక భాగం నశించిన లోకంలో, బతికినవారిని కాపాడుతూ తిరిగే ఒక చిన్న దళం కథ అది. రంగులు మసకబారాయి, మాటలు బరువెక్కాయి. చాలామంది అభిమానులకు అది నచ్చలేదు. నాకు మాత్రం ఆ వరుసలో అన్నిటికంటే నిజాయతీ గల ఆట అదేననిపిస్తుంది. అయినా చెప్పవలసినది చెప్పాలి: అందులోనూ కాల్బలం అందరికంటే చవక, అందులోనూ అది గోడగానే నిలుస్తుంది. కథను మార్చడం తేలిక, లెక్కను మార్చడం కష్టం.

ఇన్ని చెప్పినా, మీ వ్యాసాలలో భయపడుతున్న ఆటలతో దీన్ని పోల్చలేము. ఒకసారి కొంటే మళ్లీ సొమ్ము అడగదు. రోజూ రమ్మని పిలవదు. అపరిచితులతో మాట్లాడించదు. పోరు మధ్యలో ఆపి, మర్నాడు అదే గడి నుంచి కొనసాగించవచ్చు. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు ఒడ్డే ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను (పోటీలుగా ఆడే వీడియో గేములను), సరదా ఆటలను వేరుగా గుర్తించింది. చట్టం చూపిన ఆ పాటి విచక్షణను పత్రికలు కూడా చూపాలి. గేముల గురించి రాసేటప్పుడు కనీసం ఈ సంగతులైనా పాఠకులకు తెలియజేయాలని మనవి: ఆట వంతులవారీదా, వేళ్ల వేగంతో ఆడేదా, మధ్యలో ఆపే వీలుందా, కొన్న తర్వాత ఇంకా ఖర్చు ఉందా, ఒక పోరుకు ఎంత సమయం పడుతుంది. ‘అడ్వాన్స్ వార్స్’ విషయంలో ఆ చివరి ప్రశ్నకు జవాబు ఆట పక్షాన ఉండదని ముందే ఒప్పుకుంటున్నాను. పెద్ద పటమైతే గంటలు పడుతుంది, పరీక్షల నెలలో కొనిపెట్టదగిన వస్తువు కాదు.

చివరగా ఒక అభ్యర్థన. చదరంగం సమస్యలకు తెలుగు పత్రికల్లో ఎప్పటి నుంచో చోటు ఉంది. ఈ ఆటలోని చిక్కులను కూడా అలాగే ముద్రించవచ్చు: ‘నారింజ పక్షం వంతు, చేతిలో 7000, మూడు వంతుల్లో పట్టణం పట్టుకోవాలి’ అని కింద ఒక వాక్యం, పైన పటం. పదిహేను గళ్ల వెడల్పు, పది గళ్ల ఎత్తు గల పటానికి ఆదివారం అనుబంధంలో రెండు కాలమ్‌ల స్థలం సరిపోతుంది. యంత్రం లేనివారు కూడా కాగితం, పెన్సిల్‌తో సాధించవచ్చు. దళాల ధరలు, నడక, దెబ్బల పట్టికను మొదటి వారం ఒకసారి ప్రచురిస్తే చాలు. మీకు సమ్మతమైతే మొదటి నాలుగు వారాలకు సరిపడే సమస్యలను, వాటి సమాధానాలతో సహా తయారు చేసి పంపగలను.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు,
రాజమహేంద్రవరం.